అలాంటి మనిషి

ముంబై అంధేరీలోని సినిమా ఆఫీసులో రచయిత్రి మృణ్మయి క్లైమాక్స్ చదివి వినిపిస్తుండగా ముసలాయన మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"వచ్చాడమ్మా నీ ఆజోబా! ఆ తాత సంగతి నువ్వే చూసుకో" అన్నాడు దర్శకుడు రజత్ విసుగ్గా.

మృణ్మయి నలభై ఏళ్ల కిందటి ఓ సినిమాను ఈ కాలానికి తగ్గట్టు తిరగరాస్తోంది.

పాత కథలో హీరో ఒక మిల్లు గుమాస్తా. మిల్లు తగలబడి కూలీలు చనిపోతారు. తలుపులకు తాళాలు వేయించింది యజమానేనని కోర్టులో చెబుతానంటాడు గుమాస్తా. యజమాని తాలూకు రౌడీ అతని కొడుకును పొడిచి చంపుతాడు. అయినా గుమాస్తా వెళ్లి నిజమే చెబుతాడు. రౌడీని చట్టానికే వదిలేస్తాడు.

మృణ్మయి రాసిన కథలో మాత్రం గుమాస్తా ఆ రౌడీని కాల్చి చంపుతాడు.

ఆ సంగతి పేపర్లో చదివి, లాల్‌బాగ్ నుంచి లోకల్ రైళ్లు మారి వస్తున్నాడు ముసలాయన. ఇది మూడోసారి.

"కూర్చోండి ఆజోబా. చాయ్ తాగుతారా?"

"వద్దమ్మా. ఒక్కమాట చెప్పి పోతా. అతని చేత ఆ మనిషిని చంపించకు."

"చంపకపోతే జనం ఎగతాళిగా ఈలలు వేసి లేచిపోతారు."

"అతనికి కోపం వచ్చినట్టు రాయి. తల గోడకేసి కొట్టుకున్నట్టు రాయి. ఏడాదిపాటు ఎవరితోనూ మాట్లాడనట్టు రాయి. తుపాకీ మాత్రం పట్టించకు తల్లీ."

రజత్ కిసుక్కున నవ్వాడు. మిగతావాళ్లు మృణ్మయి ఏమంటుందా అని చూస్తున్నారు.

ఆ చూపులకు ఆమెకు హుషారొచ్చింది.

"కన్నకొడుకును పొడిచినవాణ్ణి ఊరికే వదిలేసిన మనిషిని మీరెక్కడైనా చూశారా ఆజోబా? అలాంటివాళ్లు భూమ్మీద పుట్టరు. ఆ కాలం రచయితలు మీ చెవుల్లో పువ్వులు పెట్టారు. మీరు ఇంకా తీయలేదు!"

ఆఫీసంతా గొల్లుమంది.

ముసలాయన కూడా కొంచెం నవ్వాడు.

"అయ్యుండొచ్చమ్మా" అన్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

ఆ రోజు మృణ్మయి వడాపావ్ సగంలోనే పక్కన పెట్టేసింది. తాతవయసు మనిషిని పదిమందిలో అంతమాట ఎందుకంది? ఈసారి వస్తే క్షమించమని అడగాలనుకుంది. వాచ్‌మన్‌కు కూడా చెప్పి ఉంచింది.

ఆయన మళ్లీ రాలేదు.

మూడు వారాల తర్వాత వకీలు ఫోన్ చేశాడు. పాత సినిమా నిజంగా జరిగిన కథట. ఆ గుమాస్తా సంతకం లేనిదే షూటింగ్ మొదలుపెట్టకూడదట.

"నువ్వే వెళ్లి తీసుకురా" అన్నాడు రజత్.

కాగితం మీద పేరు విశ్రామ్ శేలార్. లాల్‌బాగ్‌లో మిల్లు కూలీల కుటుంబాలుండే ఒక చాల్, మూడో అంతస్తు.

వరుస గదుల మధ్య నుంచి వెళ్లి తలుపు తట్టింది మృణ్మయి. నలభై అయిదేళ్లు దాటిన ఒకామె తలుపు తీసింది. ఆమె వెనక గోడ మీద కొత్త ఫోటో. దానికి బంతిపూల దండ.

ఫోటోలో ఉన్నది ఆ ముసలాయనే.

మృణ్మయి కాగితం మీద పేరు మరోసారి చూసుకుంది.

"పదకొండు రోజులైందమ్మా. నిద్రలోనే పోయాడు బాబా" అందామె. బాబా అంటే నాన్న; ఈమె కూతురన్నమాట. "సినిమా రాసే అమ్మాయివా? నీ గురించి చెప్పాడు. 'రాసే పిల్ల మంచిది, చాయ్ తాగమంది' అన్నాడు."

మృణ్మయి తల ఎత్తలేకపోయింది. ఎగతాళి మాట ఒక్కటీ ఆయన ఇంటిదాకా మోసుకురాలేదు.

"ఆ మనిషి తనేనని ఒక్క ముక్క చెప్పలేదక్కా!"

"చెబితే మొహమాటపడి మారుస్తావని అనుకున్నాడు. అది ఆయనకు ఇష్టం లేదు."

"నేను ఆయన్ని చాలా మాటలన్నాను. మీ అన్నయ్యను చంపినవాణ్ణి వదిలేసే మనిషే ఉండడన్నాను..."

ఆమె మంచినీళ్ల గ్లాసు మృణ్మయి చేతికిచ్చి, పక్కన కూర్చుంది.

"చనిపోయిన ఆ అబ్బాయి నాకు అన్న కాడమ్మా. నాకు అమ్మ లేదు, కన్న నాన్న జైలుకెళ్లాడు. నాలుగేళ్ల పిల్లగా నేను వీధిలో ఏడుస్తుంటే, బాబా ఎత్తుకొచ్చి పెంచాడు" అందామె నెమ్మదిగా. "మీ సినిమాలో బాబా చేత కాల్పిస్తున్నది నన్ను కన్న తండ్రినే."