బోర్లా పెట్టిన ఫోను

వరదకు వంతెన కొట్టుకుపోయిన ఏడాది సంగతి ఇది. కోడలు కూరగిన్నె బల్ల మీద పెట్టి, పక్కనే తన ఫోను బోర్లా పెట్టింది.

పెద్దాయన కళ్లు గిన్నె మీద లేవు, ఫోను మీదున్నాయి. రంపపు మిల్లు హోరులో మాట వినపడదు కనుక, పనిచేసినన్నాళ్లూ మాటలే మానుకున్న మనిషాయన.

"కూర మాడింది మావయ్యా. ఏమీ అనరేం?"

"ఊఁ."

"నిన్న కూడా మాడ్చాను."

"మాడ్చింది చాలక డప్పు కొట్టుకోవడం కూడానా? పెంకితనం కాకపోతే ఏమిటిది!" అనేసి నాలుక కరుచుకున్నాడు.

కోడలు ఫోను తీసుకుని చల్లగా లోపలికి జారుకుంది.

ఆయనకు అర్థమైపోయింది. తన తిట్లన్నీ పోగుచేసి మొగుడికి వినిపిస్తుంది. తనను పెద్దకొడుకు ఇంటికి సాగనంపుతుంది. ఇక మనవరాలు కంటికి కూడా కనపడదు.

ఇప్పటికే పిల్ల మనసు విరిచేసింది. ఆరేళ్ల పిల్ల. ఫిట్స్ మొదలైనప్పటి నుంచి, ఫ్యాను కింద కూర్చున్నా, కుళాయి దగ్గరున్నా, తాత పిలిస్తే తిరిగి చూడదు. "చెవులు భేషుగ్గా ఉన్నాయి" అన్నాడు డాక్టరు. మరి పలకదేం? తల్లి నూరిపోసిందన్నమాట.

"ఒరేయ్, నీ పెళ్లాం నామీద ఏదో గూడుపుఠాణీ చేస్తోందిరా."

"నీకన్నీ అనుమానాలే నాన్నా," కొడుకు నవ్వాడు. ఆ నవ్వూ ఆయనకు నచ్చలేదు.

సాయంత్రం మూసిన గదిలోంచి సంతగోల వినిపించింది. గోల మధ్యలో తన గొంతు: "పెంకితనం కాకపోతే ఏమిటిది!"

దభాలున తలుపు తోశాడు. "దొరికావు!"

మనవరాలు ఫోనుకేసి వేలు చూపిస్తూ కేరింతలు కొడుతోంది. "అమ్మా, తాత! తాత గొంతు!"

కోడలు ఫోను ఆపింది. "దొరికాను మావయ్యా. దీని చెవుల్లో లోపం లేదు. మెదడే గోలలోంచి మాటను ఏరుకోలేకపోతోందట. బాగా తెలిసిన గొంతులు గోలలో కలిపి వినిపించి రోజూ అలవాటు చేయించమంది ఆసుపత్రిలో శిక్షణ ఇచ్చే ఆవిడ. నా మాటలూ, మీ అబ్బాయి మాటలూ ఎప్పుడో ఫోనులో నింపేశాం."

"అదేదో నన్ను అడిగి ఏడవొచ్చుగా?"

"అడిగాను. 'ఊఁ' అన్నారు. ఆ ఊఁతో పిల్లకేం నేర్పను? తిడితే తప్ప మీ నోట్లోంచి నాలుగు మాటలు రావాయె!"

పెద్దాయన "ఊఁ" అని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఫోను ముందుకు లాక్కుని, కోడల్ని చెడామడా తిట్టాడు.