వెల్లుల్లి నూనె

నేను అక్షరాలు దిద్దుకున్నది మనవలు బడికి పోయే వయసులో. ఒత్తు జారినా, దీర్ఘం మరిచినా మన్నించండి. చేయి నెమ్మది, అందుకే కథ కూడా పొట్టిదే.

"ఆ గుడ్డు కింద పెట్టు!" అంటూ వదిన కంచం లాక్కుంది.

మరదలి చేయి గాల్లోనే ఆగిపోయింది. "డాక్టరు తినమన్నాడు వదినా. కండకి బలమట."

"డాక్టరుకేం తెలుసు? గుడ్డు వేడి. పెరుగు చలవ. పప్పు వాతం. పోలియో కాలికి ఇవేవీ పడవు."

"మరేం పడుతుంది?"

"జావ."

వదిన ఏ వైద్యమూ చదవలేదు. అసలు ఏదీ చదవలేదు. అయినా చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా!

మరదలు ఇంట్లోనే బట్టలు కుడుతుంది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోతే, ఇన్నేళ్ళూ దాని పని కూడా కుడికాలే చేసింది. ఇప్పుడు అదీ మొరాయించింది. "మిషను తొక్కడం మాన్పించి మోటారుది కొనండి. లేకపోతే ఉన్న నడక కూడా పోతుంది" అని డాక్టరు చెప్పి పంపాడు.

మరదలి మొగుడు వదిన వంక చూశాడు. ఆయనకి సొంత అభిప్రాయం ఉండేది ఈ అక్క ఊళ్ళో లేనప్పుడే.

"మోటారా? తొక్కకపోతే కాలు తుప్పు పట్టదూ? వెల్లుల్లి నూనె పట్టిస్తే గుర్రంలా పరిగెత్తుతుంది," అని వదిన గిన్నెడు వేడి నూనె తెచ్చి ఎడమకాలికి మర్దన మొదలుపెట్టింది.

"నొప్పి కుడికాలికి వదినా."

"పోలియో ఏ కాలికి?"

"ఎడమకాలికి."

"అయితే నోరు మూసుకో. మిగతా నూనె పడుకోబోయే ముందు నువ్వే రాసుకో. చుక్క మిగలకూడదు."

"మిగల్చను వదినా."

మిగల్చలేదు కూడా. రోజూ గిన్నె అద్దంలా మెరిసేది. వదిన వీధి వీధంతా చెప్పుకుంది, "నా మందుతో మరదలు ఎంత దారికొచ్చిందో చూశారా!"

కొన్నాళ్ళకి కాలు కుదుటపడలేదు గానీ, మిషను బిగుసుకుపోయింది. మొగుడు తొక్కాడు. వదిన రెండు కాళ్ళతో ఎక్కి తొక్కింది. అది ఊఁ అనలేదు, ఆఁ అనలేదు. పక్కనే కుట్టాల్సిన బడిపిల్లల బట్టలు గుట్టగా పడున్నాయి. మరదలి సంపాదన ఆగితే తన కంచంలోకీ జావే వస్తుందని వదినకి అప్పుడు తట్టింది.

మిషన్లు బాగుచేసే అతను వచ్చాడు. పైమూత విప్పాడు. వేలితో తడిమి, వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మరదలి వంక ఓసారి చూశాడు.

"ఇది ఇంక లాభం లేదు. మోటారుది తీసుకోండి."

"తీసుకోక చస్తామా! బట్టలవాళ్ళు ఊరుకుంటారా?" అని వదిన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని అప్పటికప్పుడే కొట్టుకి బయల్దేరింది.

వాళ్ళు గడప దాటాక అతను గొంతు తగ్గించాడు.

"వంటనూనె పోస్తే జిగురు పట్టి బిగుసుకుపోతుందని నీకు తెలీదా అక్కా? అయినా ఈ వెల్లుల్లి కంపేంటి, మిషనుకి కూడా కాలునొప్పా?"

ఇట్లు, కుట్టు పిన్ని. వయసు డెబ్బై. ఇప్పుడూ ఉండేది వదిన దగ్గరే. ఆవిడకి ఇంకా చదువు రాదు.