నాలుగింటి ఫోను

గోడ గడియారం నాలుగు కొట్టగానే దర్జీ కత్తెర పక్కన పెట్టి ఫోను అందుకున్నాడు.

“బాబూ, నేనే. ప్రాణం లాగేస్తోంది.”

“ఏం పర్లేదు బాబాయ్ గారూ. ముందు గ్లాసుడు నీళ్లు తాగండి. గటగటా వద్దు, గుక్క గుక్కగా,” అంది అవతలి గొంతు.

పొగ మానాలనుకునేవాళ్లకి ధైర్యం చెప్పే ఆఫీసు అది. అక్కడ ఒక నియమం ఉంది. ఫోను చేసిన మనిషికి ఆ యావ చల్లారేదాకా ఆఫీసువాళ్లు ఫోను పెట్టేయకూడదు. టీ చల్లారిపోయినా సరే, పై అధికారి పిలిచినా సరే. దర్జీ మొదటి రోజే ఈ అబ్బాయిని ఏరి కోరి అడిగాడు. మిగతావాళ్లు పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడతారని వంక పెట్టాడు.

పక్క మిషను దగ్గర కూతురు కాజాలు కుడుతోంది. చేతులు చొక్కా మీద, చెవులు ఫోను మీద. ఇరవై ఒక్క రోజులు పొగ ఊసు లేకుండా గడిస్తేనే తన పెళ్లి మాట ఎత్తాలని ఆవిడగారి షరతు. ఒక్కరోజు తప్పినా పెళ్లీ లేదు, గిళ్లీ లేదు. మొండితనంలో తండ్రికంటే రెండాకులు ఎక్కువే చదివింది. అన్నమాట మీద నిలబడే రకమని దర్జీకి తెలుసు. గోడకి తగిలించిన గుడ్డముక్క మీద ఆమె రోజుకో గుండుసూది గుచ్చుతోంది. ఇవాళ్టిది గుచ్చితే నాలుగు.

“రోజుకి ఎన్ని కాల్చేవారు బాబాయ్ గారూ?”

“డజను.”

“మొన్న పాతికన్నారు?”

దర్జీ నాలిక్కరుచుకున్నాడు. కూతురు కళ్లెర్రజేసింది.

“బొత్తాలు డజన్లలో కొంటాను కదా బాబూ, అలవాటులో వచ్చేసింది. పాతికే.”

“ఇప్పుడు ఎక్కడ లాగుతున్నట్టుంది? గొంతులోనా, వేళ్లలోనా?”

దర్జీ తెల్లమొహం వేసి కూతురికేసి చూశాడు. ఆమె వేళ్లు ఆడించి చూపించింది.

“వేళ్లలో బాబూ, వేళ్లలో.”

“అయితే ఏదైనా పట్టుకోండి. అందుబాటులో ఏముంది?”

“గుడ్డ మీద గీసే సుద్దముక్క.”

“బ్రహ్మాండం. నోట్లో మాత్రం పెట్టుకోకండి.”

అప్పటికే పెట్టుకున్న దర్జీ గబుక్కున పక్కకి తిరిగి ఉమ్మేశాడు.

తొమ్మిదో రోజుకి ఇద్దరికీ బాగా చనువు పెరిగింది.

“నీ టీ టైము పాడు చేస్తున్నానేమో?”

“అదేం లేదండి. నాలుగైతే చాలు, పొద్దుట్నుంచీ ఆగినవాళ్లు కూడా మేడెక్కి ఊదొస్తారు. పేరుకే పొగ మాన్పించే ఆఫీసు, సగం మంది పొగరాయుళ్లే.”

“మరి నువ్వు?”

అవతల టప్పున పెన్సిలు విరిగింది.

“నా సంగతి వదిలెయ్యండి బాబాయ్ గారూ. నీళ్లు తాగారా?”

తాగాడు. ఈ ఫోను పుణ్యమా అని దర్జీ తొమ్మిది రోజుల్లో తొమ్మిది నెలల నీళ్లు తాగాడు.

అసలు గండం పంతొమ్మిదో రోజున వచ్చింది. ఆ రోజు అబ్బాయి గొంతు ఎండిపోయి ఉంది. పొద్దుట పై అధికారి అందరి ముందూ దులిపేశాడట.

“ఇవాళ తొందరగా ముగిద్దామండీ. కాస్త పైకి వెళ్లాలి.”

కూతురి చేతిలో సూది ఆగిపోయింది. పద్దెనిమిది సూదులూ గోడ మీంచి తననే చూస్తున్నట్టనిపించింది దర్జీకి.

“నువ్వు ఫోను పెట్టేస్తే నా పని అయిపోయినట్టే బాబూ. ఇన్నాళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. ఇంట్లో ఆడపిల్ల మొహం ఎలా చూడమంటావు?”

అవతల కుర్చీ ముందుకి జరిపిన శబ్దం వినిపించింది.

“సరే. నూరు నుంచి వెనక్కి లెక్కపెడదాం. నాతోపాటు చెప్పండి. నూరు.”

“నూరు.”

“తొంభై తొమ్మిది.”

డెబ్బైల దగ్గర అబ్బాయి గొంతు వణికింది. దర్జీ తన గొంతు పెంచాడు. కూతురు కూడా పెదవులు కదిపింది, చప్పుడు మాత్రం రానివ్వలేదు. నలభైకి వచ్చేసరికి అవతలి ఊపిరి నిదానించింది. పదికి వచ్చేసరికి అబ్బాయి నవ్వాడు. కూతురు ముక్కు ఎగబీల్చి పంతొమ్మిదో సూది గుచ్చింది.

ఇరవై ఒకటో రోజు నాలుగుంపావుకి అబ్బాయి గట్టిగా ఊపిరి వదిలాడు.

“గట్టెక్కేశారు బాబాయ్ గారూ. ఇక మీకు నాతో పని లేదు. నిజం చెప్పొద్దూ, నాకే బెంగగా ఉంది. మిమ్మల్ని ఒకసారి చూడాలనుంది.”

“చూద్దువుగాని బాబూ, ఎంతలో పని.”

జీవితంలో ఒక్క సిగరెట్టయినా ముట్టని దర్జీ ఫోను కింద పెట్టి, మెడలోని టేపు తీసి దులుపుతూ కూతురితో అన్నాడు, “ఇరవై ఒక్క రోజులూ మీవాణ్ణి మేడెక్కనివ్వకుండా కూచోబెట్టానే అమ్మాయ్, ఇక ఆదివారం పెళ్లి కోటు కొలతలకి రమ్మను, నన్ను బాబాయ్ గారూ అనడం మానేసి మామయ్యా అనమను.”