వాగు మలుపు

“కాస్త పక్కకి జరగండి సార్, మట్టి మీద పడుతుంది,” అన్నాడు పొక్లెయిన్ డ్రైవరు.

చిత్రకారుడు జరగలేదు. భుజాన రంగుల పెట్టె, చంకలో మడత స్టాండు, నెత్తిన అంచులు చివికిన టోపీ. అలాగే నిలబడి చూస్తున్నాడు. వాగు మలుపులో రెల్లు దుబ్బులు సగం లేవు. నిన్నటిదాకా నీళ్ళమీదికి వంగి ఉన్న ముసలి చెట్టు వేళ్ళు పైకి లేపుకుని పడి ఉంది.

“ఎవడు తవ్వమన్నాడు నిన్ను?”

“మేడమ్ గారు. స్థలం కొన్నారు. ఇల్లు కట్టుకుంటారట.”

“ఇంకెక్కడా చోటు దొరకలేదా ఆవిడకి?”

“నాకేం తెలుసు సార్. ఆఫీసు ఊళ్ళోనే ఉంది. వెళ్ళి అడగండి.”

పెళ్ళికి ముందు నుంచీ అతను ఆ మలుపుకే వస్తున్నాడు. ఇంట్లో కూర్చుని ఫొటో చూసి బొమ్మ వేయడమంటే అతనికి ఒళ్ళుమంట. గాలికి పడిపోకుండా స్టాండుకి రాయి కట్టి, తడి రంగుకి అంటుకున్న పురుగుల్ని కుంచె కొసతో తీసేస్తూ, ఎండ ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మ మీదికి జారేలోగా ఆ వెలుగుని పట్టుకోవాలి. అందకపోతే మర్నాడు అదే వేళకి మళ్ళీ రావాలి. కొనేవాళ్ళు “నీళ్ళలో ఓ పడవ వేయకూడదూ, నిండుగా ఉంటుంది” అంటే, “అక్కడ పడవ లేదు” అని బొమ్మ వెనక్కి లాక్కునేవాడు.

ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

“మీ తమ్ముడి పనే ఇది.”

భార్య స్టవ్ తగ్గించింది. “ఏ పని?”

“వాగు మలుపు అమ్మించేశాడు. కిందటేడు నా వెంట వచ్చాడుగా, భలే చోటు బావా అనుకుంటూ. స్థలాల బ్రోకరుకి చెట్లు కనపడతాయా? గజాలే కనపడతాయి.”

“వాణ్ణి అడక్కుండా అంత మాట అనకండి.”

“అడుగుతాను. నీ ఎదురుగానే అడుగుతాను.”

భోజనాల వేళకి బావమరిది వచ్చాడు. అతను మొదటి ముద్ద నోట్లో పెట్టుకోకముందే చిత్రకారుడు అడిగేశాడు.

“నేను కాదు బావా. నా పిల్లల మీద ఒట్టు.”

“పిల్లల్ని అడ్డం పెట్టుకోకు.”

“కొన్నావిడే వెతుక్కుంటూ వచ్చిందట. మధ్యలో ఎవరూ లేరు. నేనూ కనుక్కున్నాను.”

“సరైన దారి కూడా లేదు అక్కడికి. ఎవరూ చూపించకుండా ఎలా వస్తుంది? నాకూ నీకూ తప్ప ఆ చోటు గొడవ ఎవడిక్కావాలి?”

బావమరిది కంచం పక్కకి నెట్టి లేచాడు. “ఇంత మాట అన్నాక ఇక ఈ గుమ్మం తొక్కను బావా.”

భార్య గేటు దాకా తమ్ముడి వెనకే వెళ్ళింది. ఒక్కతే తిరిగొచ్చింది.

“మీ బొమ్మల్ని ఎవరూ ముట్టుకోని రోజుల్లో ప్రదర్శనలకి మోసుకెళ్ళింది వాడే. ఒక చెట్టు కోసం వాణ్ణి వదులుకున్నారు.”

“వదులుకుంటాను,” అన్నాడు. అన్నం తినకుండానే ఆ మేడమ్ ఆఫీసుకి బయల్దేరాడు.

మేడమ్ బక్కపల్చటి మనిషి. కుర్చీకి చేతికర్ర ఆనించి ఉంది. అతను తోసుకొచ్చేసరికి ఎదుటి కుర్చీ చూపించింది.

“కూర్చోండి.”

“కూర్చోడానికి రాలేదు. వాగు దగ్గర ఆ చెట్టెందుకు పడగొట్టించారు?”

“నన్నడక్కుండానే పడేశారు. పొద్దున్నుంచీ వాళ్ళని తిడుతూనే ఉన్నాను. ఇందాకే పని ఆపించాను కూడా. స్థలం మీదా?”

“కాదు. అక్కడ కూర్చుని పని చేసుకునేవాణ్ణి. మీకు ఆ చోటు చూపించిందెవరు? పేరు చెప్పండి చాలు. మా ఇంట్లోవాడేనని తెలుసు. మీ నోట వినాలి.”

ఆవిడ అర్థంకానట్టు చూసింది. “ఎవరూ చూపించలేదండీ. జబ్బుపడి ఆస్పత్రిలో చాలాకాలం మంచం దిగలేదు. రోజంతా ఆ చోటునే చూస్తూ పడుకునేదాన్ని. లేచి నడిస్తే అక్కడే ఉండాలనుకున్నాను. నడక వచ్చాక వాగు వెంబడే వెతుక్కుంటూ పోయాను. రాయి రాయీ సరిపోయింది.”

“ఆస్పత్రిలోంచి వాగు కనపడుతుందా?” అతని అరుపుకి బయట గుమాస్తా లేచి నిలబడ్డాడు. “నాకు కథలు చెప్పకండి.”

“కథ కాదు. డిశ్చార్జి అయ్యేటప్పుడు ఆస్పత్రివాళ్ళని బతిమాలి తెచ్చుకున్నాను కూడా,” అంటూ ఆవిడ అతని వెనక గోడవైపు చెయ్యి చూపించింది.

అతను తిరిగి చూశాడు.

గోడమీది వాగు మలుపు బొమ్మలో, కింది మూలన తన సంతకమే ఉంది.