చర్చి బొమ్మ స్టాంపు

ఆరో కవరు కూడా ఖాళీగానే ఉంది. మీద చర్చి బొమ్మ స్టాంపు, నరసరాజు చిరునామా. అంతే.

దులిపి చూశాడు. చింపి చూశాడు. లోపల ఏమీ లేదు.

"ఏటేటా ఎవరు పంపుతున్నరంటవ్?" టీ గ్లాసు అందిస్తూ అడిగింది భార్య శివమ్మ.

"ఇంకెవరు? దావీదు పెండ్లాం సౌభాగ్యమ్మ. నన్ను బతకనిచ్చేటట్టు లేదు."

బతకనివ్వడం గురించి మాట్లాడుతున్నాడు, మహానుభావుడు! ఆరేళ్ల క్రితం పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో ఇతను షిఫ్టు సూపర్‌వైజర్. మాస్కు కూడా ఇవ్వకుండా కూలీ దావీదును రసాయనాల ట్యాంకు కడగమని దించాడు. దావీదు శవమై పైకొచ్చాడు. తాగొచ్చి పడ్డాడని రాసిపారేశాడు నరసరాజు.

"నా మొగడు సుక్క ముట్టడు," అంది సౌభాగ్యమ్మ. "మా పెద్దగుడికి రా సారూ. గాడ మీ పద్ధతిలనే ఒట్టేయి. నమ్ముత."

ఊళ్లకు ఊళ్లు యాత్రకు వెళ్లే ఆ పాత రాతి చర్చికి నరసరాజు దర్జాగా వెళ్లాడు. మూడో నెల గర్భిణి శివమ్మను పక్కన నిలబెట్టుకుని, ఆమె తల మీద చెయ్యి పెట్టి, దావీదు తాగే ఉన్నాడని ఒట్టేశాడు. పాపాత్ముడు! ఆ నెలలోనే శివమ్మకు కడుపు పోయింది. ఈ ఫ్యాక్టరీల పక్కన నీళ్లే అలాంటివన్నాడు.

ఏడాది తిరిగేలోగా తపాలా శాఖ ఆ చర్చి బొమ్మతో స్టాంపు వేసింది. ఒట్టేసి సరిగ్గా ఏడాది నిండిన రోజున మొదటి కవరు అందింది. ఆ తర్వాత ఏటా అదే రోజు. బీరంగూడకు ఇల్లు మార్చాడు, అక్కడికీ వచ్చింది. ఎవరికీ చెప్పకుండా ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో కిరాయికి దిగాడు. అక్కడికీ వచ్చింది. తిండి సయించడం మానేసింది. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేవాడు. బాగా అయింది.

ఆరో కవరు వచ్చిన ఆ వారమే, ఆదివారం నాడు, ఇక తట్టుకోలేక చర్చికి పరుగెత్తాడు. ప్రార్థన ముగించుకుని వస్తున్న జనం ముందు సౌభాగ్యమ్మ కాళ్ల మీద పడ్డాడు.

"దావీదు తాగలే. మాస్కు ఇయ్యకుండ నేనే దించిన. అబద్ధపు ఒట్టు ఏసిన."

అదే కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టాడు. సౌభాగ్యమ్మ దాన్ని మడిచి కొంగున కట్టుకుంది.

"రేపే ఠాణాల ఇస్త," అంది.

"ఇయ్యి. జైలుకన్నా పోత. ఇగ ఆ కవర్లు మాత్రం పంపకు."

"ఏం కవర్లు?" సౌభాగ్యమ్మ అయోమయంగా చూసింది. "నీ ఇల్లు యాడుందో గూడ నాకెరుక లేదు."

అదే వేళకు ఇంట్లో శివమ్మ, మిగిలిన చర్చి స్టాంపులను పొయ్యిలో వేసి, మొగుడు ఒట్టు కోసం చెయ్యి పెట్టిన తల మీద కడివెడు నీళ్లు కుమ్మరించుకుంది.