మూడో కొక్కెం

“లోపల మనుషులు పనిచేస్తుండగా తలుపుకు బయటినుంచి తాళం ఎందుకు వేయించారు?”

లైబ్రేరియనమ్మ ఈ ప్రశ్నను పైకప్పు మూలనున్న స్పీకరును అడిగింది. స్పీకరు బదులివ్వలేదు. యాభై ఏళ్ల క్రితం విచారణ సంఘమూ ఇవ్వలేదు.

“అది క్లూలు చెప్పే డబ్బా అక్కా, దాన్ని దబాయిస్తే ఏం లాభం?” అంది రిటైరైన నర్సు, దూది బేలు మీద కూలబడుతూ. “నా మోకాళ్లు సమ్మె చేస్తున్నాయి. ఇంకా పద్దెనిమిది నిమిషాలే. త్వరగా తేల్చండి.”

ముగ్గురు స్నేహితురాళ్లూ వచ్చింది ఎస్కేప్ రూమ్ ఆటకు. గంటలోగా చిక్కుముళ్లు విప్పుకొని బయటపడాలి. గదిని పాత నూలు మిల్లులా అమర్చారు. వేరే ఊళ్లో నిజంగా తగలబడిన మిల్లు అది. మధ్యాహ్నం షిఫ్టులో పదకొండు మంది తలుపు తెరుచుకోక లోపలే చనిపోయారు. టిక్కెట్లు కొన్నది లైబ్రేరియనమ్మే.

తాళంచెవి అప్పటికే దొరికింది. గోడకు మూడు కొక్కేలు, వాటి పైన మూడు బొమ్మలు: కాపలాదారు, మేస్త్రి, యజమాని. ప్రమాద సమయంలో తాళంచెవి ఎవరి దగ్గరుందో వారి కొక్కేనికి తగిలిస్తే తలుపు తెరుచుకుంటుంది.

ఆట కోరే జవాబు కాపలాదారేనని ముగ్గురికీ తెలుసు. తాళంచెవి పట్టుకొని నిలబడ్డ టైలరమ్మ, ఆ మిల్లు కాపలాదారు కూతురే.

“ఆటే కదక్కా,” అంది టైలరమ్మ. “మా నాన్న కొక్కేనికి తగిలించేస్తాను. ఊరంతా ఎప్పుడో తగిలించిందే.”

“వీల్లేదు,” అంది లైబ్రేరియనమ్మ.

“మూడేళ్లు జైల్లో ఉన్నాడు. తాళంచెవి నా దగ్గర లేదు మొర్రో అని పోయేదాకా చెబుతూనే ఉన్నాడు. మా అమ్మ కూడా సగమే నమ్మింది. ఇప్పుడు నువ్వు ఈ అట్టగోడలతో పోట్లాడితే తిరిగొస్తాడా?”

“రాడు. అబద్ధం మాత్రం రోజుకు ఆరుసార్లు తిరిగొస్తోంది. ప్రతి ఆటలోనూ ఆయన్ను దోషిగా తేల్చి, చప్పట్లు కొట్టుకుంటూ బయటికి పోతున్నారు.”

లైబ్రేరియనమ్మ తాళంచెవి లాక్కొని యజమాని కొక్కేనికి తగిలించింది. ఎర్రదీపం వెలిగింది. తీసి, మళ్లీ అక్కడే తగిలించింది. మళ్లీ ఎర్రదీపం.

“దానికి చెవుడు, నీకు మొండితనం. సరిపోయారు ఇద్దరూ,” అంది నర్సు. “ఇంతకీ యజమాని దగ్గరుందని ఎలా చెబుతున్నావు?”

“భోజనం గంట దాటగానే కాపలాదారు తాళం వేసి, తాళంచెవి యజమాని బంగళాలో అప్పగించి రావాలి. షిఫ్టు మధ్యలో ఒక్కరూ బయటికి పోకుండా చేసిన ఏర్పాటు అది.”

“ఏ పుస్తకంలో ఉంది?”

“ఏ పుస్తకంలోనూ లేదు. నా ఫిర్యాదల్లా అదే.”

టైలరమ్మ తాళంచెవి తీయడానికి చేయి చాపి, సగంలో ఆగింది. తరువాత ఆ కొక్కెం కిందే చేతులు కట్టుకొని నిలబడింది, ఎవరైనా తీస్తారేమోనన్నట్టు.

గడువు ముగిసిందని గంట మోగింది. నిర్వాహకురాలు బయటినుంచి తలుపు తీసి నవ్వుతూ వచ్చింది.

“ఓడిపోయారు ఆంటీ! తేలికైన జవాబే కదా?”

“ఆ జవాబు తప్పు. మార్చండి.”

“విచారణ నివేదికలో ఉన్నదే పెట్టామండీ. మీరు ఊరికే అంటే ఎలా మారుస్తాం? సంగతి తెలిసినవాళ్లు సంతకం పెట్టి రాసివ్వాలి. ఇన్నేళ్లలో ఒక్కరూ రాసివ్వలేదు.”

“రాసివ్వలేదు. సిగ్గుచేటు. కాగితం ఇలా ఇవ్వండి.”

తరువాతి ఆటకు వచ్చినవాళ్లు గుమ్మం దగ్గర నిలబడి చోద్యం చూస్తున్నారు. టైలరమ్మ లైబ్రేరియనమ్మ చెయ్యి పట్టుకుంది.

“వద్దక్కా. మా నాన్న కోసం నువ్వెందుకు ఇరుక్కోవడం? పదకొండేళ్ల స్నేహం మనది. నువ్వు నమ్మావు, నాకది చాలు.”

“నీకు చాలేమో. నాకు చాలదు.”

లైబ్రేరియనమ్మ చెయ్యి విడిపించుకుంది. కాగితం పైభాగాన ‘చదివేవారందరికీ’ అని రాసింది. కింద ఒకే ఒక్క వాక్యం రాసి, సంతకం చేసి, గోడ మీద యజమాని బొమ్మకు అడ్డంగా అంటించింది.

‘కాపలాదారు పేరు కొట్టేయండి, ఆ మధ్యాహ్నం తాళంచెవి మా నాన్న జేబులో ఉంది.’