నాలుగు బీట్ల నిశ్శబ్దం

"మళ్ళీ వెయ్యి నాయనా," అంది పెద్దావిడ.

"ఇది అయిదోసారమ్మా," అంటూనే సౌండ్ ఇంజనీరు మీట నొక్కాడు.

అద్దాల గది అవతల, హాలు చివరి గోడ మీది తెరపై పాత నలుపు తెలుపు సినిమా కదిలింది. చనిపోయిన భర్త చొక్కాను ఒక స్త్రీ మడత పెడుతోంది. మాటలు లేవు. సన్నగా మొదలైన ఒకే ఒక వయొలిన్, ఆమె వేళ్ళతో పాటు బొత్తాం నుంచి బొత్తానికి దిగింది. ఆమె కుడి చెయ్యి పట్టు తప్పి జారింది. సరిగ్గా అక్కడ సంగీతం ఆగిపోయింది. నాలుగు బీట్ల నిశ్శబ్దం. ఆ తరువాత ముప్ఫై వయొలిన్లు ఒక్కసారిగా లేచాయి.

పెద్దావిడ కుర్చీలో ముందుకు వంగింది. నలభై ఏళ్ళు సినిమాలకు సంగీతం రాసిన మనిషి ఆవిడ. అయినా ఆ నిశ్శబ్దం ఎదుట ప్రతిసారీ లేచి నిలబడాలనిపిస్తుంది. స్వరాలు పేర్చేవాళ్ళు వేలమంది ఉంటారు. ఆగవలసిన చోట ఆగగలిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

పక్క కుర్చీలో ఒక వయొలినిస్టు కూతురు చేతిసంచి ఒడిలో పెట్టుకుని కూర్చుంది. బడిలో లెక్కల పంతులమ్మ. సినిమాకు మెరుగులు దిద్ది మళ్ళీ విడుదల చేస్తున్నారని తెలిసి, ఈ ఘట్టానికి సంగీతం కట్టింది తన తల్లి అనీ, ఆమె పేరు తెర మీద చేర్చాలనీ సినీ సంగీత కళాకారుల సంఘానికి అర్జీ పెట్టుకుంది. సాయంత్రానికి పేర్లు ఖరారవుతాయి. ఆ తరువాత మార్చే వీలు ఉండదు.

"సంఘం పంపిన పెద్దలు మీరేనాండీ?"

"వినడానికి వచ్చాను. చెప్పమ్మా."

"మా అమ్మ ఈ హాల్లోనే రెండో వరసలో వాయించేదండీ. ఆరోజు సంగీత దర్శకులకు ఏమీ తోచక తల పట్టుకు కూర్చున్నారట. తెర మీద ఈ ముక్క తిరుగుతూనే ఉందట. అమ్మ తన కుర్చీలోనే, తనలో తను అనుకున్నట్టు మెల్లగా వాయించుకుంటోందట. వారు విని, 'అదే, అదే, మళ్ళీ వాయించు' అన్నారట. అంతే. పేరు మాత్రం వారిదే పడింది."

"హాల్లో పుట్టినది సంగీత దర్శకుడికే చెందుతుంది. ఈ వృత్తిలో అది రివాజు."

"దొంగతనానికి రివాజని పేరు పెడితే పాపం పోతుందాండీ?"

ఇంజనీరుకు పొలమారింది.

"నీకేమయింది?" అంది పెద్దావిడ.

"ఏం లేదమ్మా. మీరు కానివ్వండి."

"సరే, స్వరం మీ అమ్మదే అనుకుందాం. ఈ ఘట్టానికి ప్రాణం స్వరం కాదు, ఆ నిశ్శబ్దం. వాద్యకారులు తెరకు వీపు పెట్టి కూర్చుంటారు. వెనక్కి తిరిగితే చీవాట్లే. తెరను చూసేది సంగీత దర్శకుడు ఒక్కడే. మరి చెయ్యి జారే క్షణం మీ అమ్మకెలా తెలిసింది? వీపున కళ్ళున్నాయా?"

పంతులమ్మ సంచిలోంచి పసుపుబారిన స్వరాల కాగితం తీసింది. అంచున పెన్సిలు రాత: 'ఎడమ చెయ్యి జారగానే నాలుగు ఆగాలి.'

పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివింది.

"ఎడమ చెయ్యా? తెర మీద జారింది కుడి చెయ్యి."

పంతులమ్మ ముఖం వాడిపోయింది. "ఏమోనండీ. మా అమ్మ అబద్ధం ఆడదు."

"తేలిపోయింది గదమ్మా," అన్నాడు ఇంజనీరు చప్పున. "ఇంక మీకెందుకు శ్రమ?"

"తప్పు రాసినవాళ్ళు కూడా ఏదో ఒకటి చూసే రాస్తారు," అంటూ పెద్దావిడ లేచింది.

హాల్లోకి నడిచి, రెండో వరసలో, తెరకు వీపు పెట్టి కూర్చుంది. "ఆ రోజుల్లో రికార్డింగప్పుడు ఆర్పినట్టే నీ గదిలో దీపం ఆర్పి, మళ్ళీ వెయ్యి!"

దీపం ఆరింది. ఎదురుగా ఉన్న గది అద్దం నల్లబడి, మరుక్షణం వెలిగింది. అందులో వెనుక ఉన్న తెర మొత్తం కనిపించింది. అదే స్త్రీ, అదే చొక్కా, కుడి ఎడమలు తారుమారుగా. ఆమె ఎడమ చెయ్యి జారింది.

ఎన్ని వందలసార్లు ఈ హాల్లో నిలబడినా పెద్దావిడ ఈ కుర్చీలో ఒక్కసారీ కూర్చోలేదు. ఎవరూ చూడని చోట, గడ్డం కింద వయొలిన్ ఆనించుకుని, అద్దంలో తిరగబడిన దుఃఖాన్ని చూస్తూ ఒక మనిషి మౌనానికి కొలత వేసింది. పుణ్యక్షేత్రంలో అడుగుపెట్టినట్టు ఆవిడ లేచి నిలబడి చేతులు జోడించింది.

గదిలోకి తిరిగి వచ్చి పంతులమ్మను అడిగింది. "మీ అమ్మగారు ఎలా ఉన్నారు?"

"చూపు తగ్గిందండీ. చెవులు మాత్రం పాము చెవులే. పేరు తెర మీద పడితే పక్కన కూర్చుని చదివి వినిపిస్తాను."

ఇంజనీరు సినిమా మొదటికి తిప్పి ఆపాడు. 'సంగీతం' అన్న మాట కింద, తెర నిండా ఒకే ఒక్క పేరు.

"అది మారాలంటే వారి ఒప్పుకోలు కాగితం కావాలమ్మా. మీకు తెలియనిదేముంది?"

"ఆ మహానుభావులు ఇచ్చినట్టే!" పంతులమ్మ నిట్టూర్చింది. "బిరుదులన్నీ ఆ నిశ్శబ్దానికేగా వచ్చాయి."

"ఒక తెల్ల కాగితం ఇటివ్వు," అంది పెద్దావిడ ఇంజనీరుతో.

తల్లి పేరు అడిగి, అక్షరం అక్షరం పలికించుకుని రాసింది. 'ఈ ఘట్టంలోని స్వరమూ నిశ్శబ్దమూ రెండూ ఈమెవే' అని రాసి, కింద సంతకం చేసి, పంతులమ్మ వైపు జరిపింది.

పంతులమ్మ కాగితం చదివింది. తలెత్తి తెర వైపు చూసింది. మళ్ళీ కాగితం చూసింది.

సంతకమూ, తెర మీది పేరూ ఒకటే.